స్పిన్ క్లాసు సీటు: ముందు నొక్కినవాళ్లకా, లాటరీలో తగిలినవాళ్లకా?

పొద్దుపొడుపు: స్పిన్ క్లాసులో (ఒకేచోట నిలిచి ఉండే సైకిల్ తొక్కే వ్యాయామం) 20 సైకిళ్లు, కావాలనేవాళ్లు 60 మంది. బుకింగ్ తెరిచిన నిమిషంలో క్లాసు నిండిపోతుంది. ఇలాంటిచోట ముందు నొక్కినవాళ్లకే సీటు అనడం అన్యాయమని నా వాదన. సరిగ్గా ఆ వేళకి డ్యూటీలో ఉండే నర్సు, బండి నడిపే డ్రైవరు ఎప్పటికీ నొక్కలేరు. ఫీజు మాత్రం అందరితో సమానంగా కట్టాలి. లాటరీ పెట్టండి.

చురుకువేలు: ఒప్పుకోను. చాలామందికి సీటు పోయేది డ్యూటీ వల్ల కాదు, తయారుగా లేక. 5 నిమిషాల ముందే లాగిన్ అవ్వాలి, కార్డు వివరాలు సేవ్ చేసి ఉంచాలి. తెరిచే సమయం సర్వర్ గడియారానిది, మీ ఫోన్‌ది కాదు. ముందే తెరిచిపెట్టిన పేజీ పాతదే చూపిస్తుంది కాబట్టి సమయం కాగానే ఒకసారి రిఫ్రెష్ చేయాలి. అన్నిటికన్నా పెద్ద పొరపాటు, నచ్చిన సైకిల్ కోసం వెతకడం. ముందు ఏదో ఒకటి పట్టండి, యాప్ ఒప్పుకుంటే తర్వాత మార్చుకోవచ్చు.

లెక్కల మాస్టారు: పొద్దుపొడుపు గారూ, లాటరీ కూడా అనుకున్నంత మెత్తనిది కాదండి. 60 మందిలో 20 మందికి అంటే ఒక్కో వారం ఓడిపోయే అవకాశం మూడింట రెండు. వరసగా 4 వారాలు ఓడేది 81లో 16, అంటే దాదాపు ఐదుగురిలో ఒకరు నెలంతా బయటే. అందుకని ఓడిన ప్రతి వారానికీ ఒక చీటీ అదనంగా వేయాలి, గెలవగానే మళ్లీ ఒక్కటికి దించాలి. జంటగా వచ్చేవాళ్లు విడివిడిగా వేస్తే ఇద్దరికీ తగిలేది తొమ్మిదింట ఒకసారి కూడా కష్టం. వాళ్లది ఒకే చీటీగా తీసుకోవాలి.

డెస్కు వైపు నుంచి: మీరిద్దరూ సీట్లు పంచడం గురించే మాట్లాడుతున్నారు. అసలు చిక్కు సీట్లు పోగేసుకోవడం. అన్‌లిమిటెడ్ ప్యాకేజీ వాళ్లు వారంలో అన్ని క్లాసులూ పట్టేసి, చివర్లో నాలుగు వదిలేస్తారు. విడి క్లాసులు కొనేవాళ్లకి ఆలస్యంగా రద్దు చేస్తే క్లాసు పోతుంది, వీళ్లకి పోయేది ఏమీ లేదు. రద్దీ వేళల్లో ఒకరి పేరు మీద ఒకేసారి రెండు బుకింగులకి మించి ఉండకూడదని నియమం పెట్టండి, ఆలస్యపు రద్దుకి అందరికీ ఒకే జరిమానా వేయండి. ఆ తర్వాత కూడా నిండిపోతుంటే లాటరీ సంగతి చూద్దాం.

మ్యాట్ మడత: రానివాళ్లు ఎలాగూ ఉంటారు కదా, 20కి 22 మందిని తీసుకుంటే సరిపోదా?

లెక్కల మాస్టారు: పదిమందిలో ఒకరు రారనుకున్నా, 22 మందిని తీసుకుంటే మూడు క్లాసుల్లో ఒకదానిలో సైకిల్ దొరకనివాళ్లు మిగులుతారు. 21కి ఆపితే తొమ్మిదింట ఒకసారి. యోగా అయితే మ్యాట్లు దగ్గరకి జరుపుకోవచ్చు, సైకిల్‌ని ఎక్కడికి జరుపుతారు? పైగా వాన పడితే అందరూ ఒకేసారి మానేస్తారు, అప్పుడు ఈ లెక్కే పనిచేయదు.

చురుకువేలు: డెస్కు గారి రెండు బుకింగుల నియమం నాకూ సమ్మతమే. లాటరీ మాత్రం వద్దు. ఒకే మనిషి మూడు మెయిల్ ఐడీలతో మూడు చీటీలు వేస్తే ఎవరు పట్టుకుంటారు?

డెస్కు వైపు నుంచి: చీటీని మెంబర్‌షిప్ నంబరుకి కట్టేస్తే సరి, అది పెద్ద పనేం కాదు. వెయిటింగ్ లిస్టు కొంచెం జాగ్రత్త. అర్ధరాత్రి ఎవరో రద్దు చేస్తే యాప్ మిమ్మల్ని దానంతటదే లోపలికి చేర్చేస్తుంది. మీరు నిద్రలో ఉంటారు, పొద్దున వెళ్లరు, జరిమానా మీకే పడుతుంది. కాబట్టి జరిమానా లేకుండా రద్దు చేసుకునే గడువు దాటాక ఆటోమేటిక్‌గా చేర్చడం ఆపేసి, లిస్టులో ఉన్నవాళ్లందరికీ మెసేజ్ పంపాలి, ముందు ఒప్పుకున్నవాళ్లకి ఇవ్వాలి.

పొద్దుపొడుపు: అంటే మళ్లీ వేలి వేగమేగా!

డెస్కు వైపు నుంచి: ఆ ఒకటి రెండు సీట్ల వరకే. ఎక్కువ రద్దులు గడువుకి కాస్త ముందే పడతాయి. క్లాసు ఉదయం 6కి, గడువు దానికి 12 గంటల ముందు అనుకుంటే ముందురోజు సాయంత్రం 5:30 నుంచి 6 వరకు యాప్ చూడండి. బుకింగ్ తెరిచిన నిమిషంలో పోటీపడడం కన్నా అప్పుడు దొరకడం సులువు.