అప్‌డేట్: ఫీనిక్స్ ఎండని మా కోళ్లు దాటేశాయి

జూన్‌లో అడిగాను కదా, అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో మా పెరట్లో ఐదు పెట్టలు ఎండకి నోరు తెరిచి రొప్పుతున్నాయి, టమాటాకి పూత వస్తోంది గానీ పిందె నిలవడం లేదు, ఏం చేయాలని. మీరు చెప్పినట్టే వెడల్పాటి పళ్లెంలో కాళ్లు మునిగేంత నీళ్లు పోసి నీడలో పెట్టాను. రెండు రోజులు దాని చుట్టూ తిరిగాయే తప్ప దిగలేదు. మూడో రోజు మధ్యాహ్నం 45 డిగ్రీలు దాటాక ఎర్ర పెట్ట ఒక్కటి దిగి, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకుని, కళ్లు మూసుకుని అలాగే నిలబడిపోయింది, దాన్ని చూసి మిగతావీ దిగాయి. నాకు ప్రాణం లేచొచ్చింది! కోళ్లకు చెమట పట్టదు కాబట్టి కాళ్లు, తురాయి చల్లబడితే వాటికి ఊరట. గుడ్లు మాత్రం రోజుకి నాలుగు నుంచి ఒకటికి పడిపోయాయి, సెప్టెంబరు చివరికొచ్చాక ఇప్పుడు మూడు పెడుతున్నాయి.

టమాటా విషయంలో మీరన్నదే నిజం. రాత్రిళ్లు కూడా వేడి తగ్గకపోతే పిందె పట్టదు, షేడ్ నెట్ కట్టడం వల్ల మొక్కలు బతికాయి, అంతే. గోంగూర, బెండ, బచ్చలి మాత్రం ఎండని లెక్కే చేయలేదు, జూలై అంతా మా ఇంట్లో గోంగూర పప్పే. కోళ్ల పెంట పచ్చిది వేస్తే మొక్కలు మాడతాయన్నారుగా, అందుకే ఎండుటాకులు కలిపి మాగబెడుతున్నాను, ఇంకా వాసన పోలేదు.