బడి తర్వాత ఆటల కార్యక్రమం: పిల్లల్లో స్థూలకాయం రాకుండా ఏం చేశారు?

కొత్త_నిర్వాహకురాలు:
సంఘం హాలు, పక్కనున్న ఖాళీ స్థలం సాయంత్రాలు వాడుకోవడానికి మాకు ఇచ్చారు. 6 నుంచి 13 ఏళ్ల పిల్లలకు బడి వదిలాక ఆటలు పెడదామనుకుంటున్నాం. వారానికి ఎన్ని రోజులు ఉండాలి? చిరుతిండి పెట్టాలా, వద్దా? పన్నెండేళ్లు వచ్చాక ఆడపిల్లలు మానేస్తారట, ఏం చేయాలి? నెలకోసారి అందరి బరువూ చూసి గోడమీద పట్టిక పెడితే పోటీ పుడుతుందని ఒకరు సలహా ఇచ్చారు. నడిపినవాళ్లు చెప్పండి.

ఇద్దరి_అమ్మ:
గోడమీద బరువు పట్టిక అని చదవగానే ఒళ్లు మండింది. మావాడు వెళ్లిన చోట అచ్చంగా ఇదే చేశారు. వరుసలో నిలబెట్టడం, తూచడం, అంకె పైకి చదవడం. వాడు తన వంతు రాకముందే బూట్లు విప్పి, బెల్టు తీసి, జేబులో ఉన్న రబ్బరు ముక్కను కూడా పక్కవాడి చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఆటలున్న ప్రతిరోజూ కడుపునొప్పే. చివరికి మానేశాడు. ఎవరికోసం పెట్టిన కార్యక్రమమో ఆ పిల్లవాడే బయటికి పోయాడు.

పాత_పీఈటీ:
అమ్మా, జ్వరం చూడకుండా మందు వేస్తారా? బరువు చూడకుండా స్థూలకాయాన్ని ఆపడం ఎలా? ముప్ఫై ఏళ్లు పిల్లలను ఆడించినవాణ్ణి. ఈ కాలపు తల్లిదండ్రులకు పిల్లల మనసు నొచ్చుకుంటుందన్న భయం తప్ప ఇంకేమీ లేదు.

ఇద్దరి_అమ్మ:
మీ ముప్ఫై ఏళ్లలో కడుపునొప్పి అని చెప్పి ఎంతమంది మానేశారో ఆ లెక్క కూడా పట్టికలో పెట్టారా మాస్టారూ?

పోషకాహారం_నా_వృత్తి:
ఇద్దరూ కాసేపు ఆగండి. ఎదిగే పిల్లల బరువు పెరగడం మామూలే. అందుకే ఒక్క కిలోల అంకె ఏమీ చెప్పదు. 5 నుంచి 19 ఏళ్ల వారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఇచ్చిన ఎదుగుదల పట్టికలు ఉన్నాయి. ఎత్తుకు బరువు ఎంతుందో చెప్పే బీఎంఐ అంకెను వయసు, ఆడా మగా తేడాను బట్టి చూస్తారు. మధ్యస్థం కంటే ఒక ప్రామాణిక విచలనం, అంటే పట్టికలో ఒక మెట్టు, దాటితే అధిక బరువు, రెండు దాటితే స్థూలకాయం. పెద్దవాళ్లకు వాడే 25, 30 బీఎంఐ అంకెలు పిల్లలకు వర్తించవు. కొద్దిగా బరువు ఎక్కువున్న బిడ్డ చాలాసార్లు బరువు తగ్గాల్సిన పనే ఉండదు, ఎత్తు పెరుగుతుంటే బరువు నిలకడగా ఉంటే చాలు. కొలవాలంటే గదిలో, ఒక్కొక్కరిని, తల్లిదండ్రుల అనుమతితో కొలవండి. పట్టిక పెట్టమన్నవారికి ఇందులో ఒక్క ముక్కయినా తెలుసా?

పాత_పీఈటీ:
చదువుకున్నవారు చెప్పారు కాబట్టి మేమంతా మూర్ఖులమేనా? నేను బరువు చూడమన్నానే గాని అందరిముందూ చదవమనలేదు. పైన ఎక్కడ అన్నానో చూపించండి.

ఇద్దరి_అమ్మ:
పట్టికను సమర్థిస్తూనే కదా మొదలుపెట్టారు!

మెట్లమీద_కూర్చున్నవాడు:
నేను చిన్నప్పుడు లావుపాటి పిల్లవాణ్ణి. తూకం గొడవ పక్కన పెట్టి ఆడించే ఆటలు చూడండి. కుర్చీలాట, పట్టుకునే ఆట, బంతి తగిలితే ఔట్. అన్నిటిలో ముందు ఔటయ్యేది నేనే. తక్కినవారు అరగంట పరిగెత్తితే నేను ఆ అరగంటా మెట్లమీద కూర్చుని చప్పట్లు కొట్టేవాణ్ణి. కదలిక ఎవరికి ఎక్కువ కావాలో వాళ్లనే కూర్చోబెట్టే ఆట ఎందుకు?

పాత_పీఈటీ:
ఈయన మాట నిజం. ఔటైనవాడు పక్కకు వెళ్లి పది గెంతులు గెంతి మళ్లీ ఆటలోకి రావాలి, నేను అలాగే ఆడించేవాణ్ణి. ఇంకొకటి. రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు వంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంటోంది, వారంలో కనీసం మూడు రోజులు గట్టిగా ఊపిరి ఆడేలా. గంట కార్యక్రమం పెట్టామని మురిసిపోతారు. హాజరు, జట్లు వేయడం, నీళ్లు, ఉపన్యాసం పోగా నిజంగా పరిగెత్తేది ఎంతసేపో గడియారం పెట్టి చూడండి.

సాయంత్రం_చాకిరీ:
చిరుతిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. మేం నడిపిన చోట ఆట అయ్యాక దాతలు పళ్లరసం డబ్బాలు పంచేవారు. వద్దంటే మొహం మాడ్చుకునేవారు. పళ్లరసంలోని చక్కెర కూడా విడి చక్కెర కిందికే, అంటే పైనుంచి కలిపిన చక్కెర లెక్కలోకే వస్తుంది, పండు కొరికి తింటే ఆ లెక్క వేరు. నీళ్లు, పళ్లు పెట్టండి, ఆటకు ముందే పెట్టండి. బడినుంచి ఆకలితో వచ్చినవాడు ఏం పరిగెత్తుతాడు?

మార్కులు_ముఖ్యం:
హోంవర్కు ఎవరు చేయిస్తారు? ఆరు దాటాక ఇంటికి వచ్చి పుస్తకం పడితే పడుకునేసరికి పదకొండు.

పోషకాహారం_నా_వృత్తి:
6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. తక్కువైతే అదీ బరువుకు దారి. మీ హోంవర్కు ప్రశ్నకు జవాబు అమెరికాలోని జార్జియాలో నడిచిన ఫిట్‌కిడ్ అనే బడి తర్వాతి కార్యక్రమంలో ఉంది. బడి అయ్యాక 40 నిమిషాలు చదువు, చిరుతిండి, ఆ పైన 80 నిమిషాలు ఆట. పిల్లల్లో కొవ్వు శాతం తగ్గింది, దమ్ము పెరిగింది. వేసవి సెలవుల్లో కార్యక్రమం ఆగగానే ఆ లాభం కరిగిపోయింది.

మెట్లమీద_కూర్చున్నవాడు:
అయితే సెలవుల్లోనే హాలుకు తాళం వేసే సంఘాల మాటేమిటి?

అడిగితే_చెబుతా:
ఇది వేరే విషయం. మా అమ్మాయి మెడ వెనక నల్లగా, కాస్త గరుకుగా ఉండేది. మురికి అనుకుని మా అత్తగారు రోజూ రుద్దేవారు, పిల్ల ఏడ్చేది. డాక్టరు చూసి అది మురికి కాదు, ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి గుర్తు కావచ్చని రక్తపరీక్ష రాశారు. మీ పిల్లల మెడలు ఒకసారి చూడండి.

కొత్త_నిర్వాహకురాలు:
అందరికీ ధన్యవాదాలు. పట్టిక ఆలోచన పోయింది. కానీ ఆడపిల్లల గురించి ఒక్కరూ చెప్పలేదు.

బంతి_నాకూ_ఇవ్వండి:
నేను పన్నెండేళ్లకే మానేశాను కాబట్టి చెబుతాను. బంతి మగపిల్లల చేతుల్లోంచి వచ్చేది కాదు. బట్టలు మార్చుకునే చోటికి గడియ లేదు. నెలసరి రోజుల్లో ఏం చేయాలో అడగడానికి ఆడమనిషి ఒక్కరూ లేరు. ఇంటికి వెళ్లే దారిలో దీపాలు లేవు. ఇవి సరిచేయకుండా ఆడపిల్లలకు ఆసక్తి లేదని మాత్రం అనకండి. ఏ ఆట కావాలో వాళ్లనే అడగండి, మా చెల్లెలి జట్టు నృత్యం, తాడాట ఎంచుకుంది, ఇప్పటికీ వెళుతోంది.

మార్కులు_ముఖ్యం:
ఆటలో కాలు విరిగితే ఖర్చు ఎవరిది?

పాత_పీఈటీ:
తాడాట అంటున్నారు కాబట్టి, అందరికీ ఒకే పొడవు తాళ్లు కొనకండి. తాడు మధ్యలో కాలితో తొక్కిపెట్టి రెండు కొసలూ పైకి లాగితే పిడులు చంకల దాకా రావాలి. ఎక్కువైతే కాళ్లకు చుట్టుకుని పడతారు. నేల సిమెంటా, మట్టా? అది కూడా చెప్పండి.