అమ్మ నోరు పిడచకట్టుకుపోతోంది, ఈ ఖరీదైన మాత్రలు కొనాలా?

నకిరేకల్_21: అందరికీ నమస్కారం. మా అమ్మకు 54 ఏళ్లు. రెండేళ్లుగా నోరు పిడచకట్టుకుపోతోంది. జొన్నరొట్టె ముక్కను పచ్చిపులుసులో నానబెట్టుకుని, ముద్దకొక గుక్క నీళ్లతో దించుకుంటోంది. ఉల్లిగడ్డలు కోసినా కంట్లో చుక్క నీరు రావడం లేదని మొదట తనే గమనించింది. చెవి కింద వాపు వస్తే గవదబిళ్లలనుకుని పసరు రాశాం. షుగరు పరీక్ష చేయిస్తే లేదన్నారు. చివరికి హైదరాబాదులో కీళ్లవాతం డాక్టరు జోగ్రెన్స్ సిండ్రోమ్ అని, అంటే మన తెల్లకణాలే కన్నీటి, లాలాజల గ్రంథుల మీద దాడి చేసే జబ్బని తేల్చారు. ఇప్పుడు తెలిసినాయన ఒకరు, ఆక్సిడేటివ్ స్ట్రెస్ (చురుకైన ఆక్సిజన్ అణువులు పెరిగిపోయి కణాలు దెబ్బతినడం) వల్ల లాలాజల గ్రంథులు కాలిపోయాయని, యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు వాడితే మళ్లీ బాగవుతాయని అంటున్నారు. నెలకు 3,200 రూపాయలు. అమ్మ ఆశపడుతోంది. ఏం చేయమంటారు?

పాలమూరు టీచరమ్మ: తమ్ముడూ, తొమ్మిదేళ్లుగా ఇదే జబ్బుతో ఉన్నాను. కింది రెప్పలో కాగితం ముక్క తగిలించి ఐదు నిమిషాలు కూర్చోబెట్టారు. 5 మిల్లీమీటర్లో అంతకన్నా తక్కువో తడిస్తే కన్ను పొడిబారినట్టే. నాకు రెండే తడిసింది. తర్వాత పెదవి లోపలి నుంచి మెతుకంత గ్రంథులు కొన్ని తీసి పరీక్షకు పంపారు. వారం రోజులు కారం తగిలితే ప్రాణం విలవిల్లాడింది. అలాంటి మాత్రలు నేనూ ఆరు నెలలు మింగాను. నోటిలో మార్పేమీ రాలేదు. డబ్బు పోయినందుకు కాదు, ఆ ఆరు నెలలు పళ్ల సంగతి పట్టించుకోనందుకు ఇప్పటికీ బాధపడుతుంటాను.

మిర్యాలగూడ ల్యాబ్: ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది కాబట్టే నమ్మబుద్ధవుతుంది. మనల్ని కాపాడాల్సిన తెల్లకణాలు ఈ జబ్బులో లాలాజల నాళాల చుట్టూ గుంపులుగా చేరతాయి. అవి వదిలే రసాయనాల వల్ల గ్రంథి కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా గతి తప్పి, చురుకైన ఆక్సిజన్ అణువులను మోతాదు మించి విడుదల చేస్తాయి. అవి కణం పొరను, డీఎన్ఏను దెబ్బతీస్తాయి. ఆ దెబ్బకు గుర్తుగా మిగిలే పదార్థాలు రోగుల లాలాజలంలో ఎక్కువగా కనిపించాయి కూడా. చచ్చిపోయే కణం తనలోని రో, లా అనే ప్రోటీన్లను పైకి తేలుస్తుంది. వాటిని చూసి తెల్లకణాలు ఇంకా రెచ్చిపోతాయి. అంటే ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఈ మంటకు ఆజ్యం. మంట పెట్టింది అదొక్కటే కాదు. పోయిన గ్రంథిని తిరిగి తెచ్చే మాత్ర ఇంతవరకు లేదు.

ఇంకొకటి. నోరు ఎండినంత మాత్రాన గ్రంథి మొత్తం చచ్చినట్టు కాదు. బోరులో నీళ్లున్నా మోటారుకు కరెంటు అందకపోతే పైకి రావు కదా. మిగిలిన కణాలకు నరాల సంకేతం సరిగా అందకపోవడమూ ఒక కారణం. పైలోకార్పిన్ అనే మందు ఆ సంకేతాన్నే బలపరుస్తుంది. చెమటలు పోస్తాయి, మూత్రం ఎక్కువసార్లు వస్తుంది. ఉబ్బసమో, కంట్లో ఒత్తిడో ఉంటే డాక్టరుకు ముందే చెప్పాలి.

దేవరకొండ: పళ్ల సంగతి వదలకండి అన్నా. లాలాజలం తగ్గితే చిగురు అంచునే పిప్పి పడుతుంది. మా అత్తమ్మకు ఏడాదిలో నాలుగు పళ్లు పోయాయి. పులుపు చప్పరిస్తే నోరూరుతుందని చింతపండు బుగ్గన పెట్టుకునేది. ఆ పులుపే పంటి పైపొరను తినేసింది.

నకిరేకల్_21: పంటి డాక్టరు ఫ్లోరైడ్ పూత వేయిస్తామన్నారు. ఆ పేరు వినగానే అమ్మ లేచి వచ్చేసింది. మా మేనమామ నడుము వంగిపోయింది ఫ్లోరైడ్ నీళ్లతోనే.

దేవరకొండ: మర్రిగూడ వైపు అలాంటి ఇళ్లు చూసినవాడిని, అమ్మ భయం నాకు తెలుసు. కానీ ఆ నష్టం లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగడం వల్ల వచ్చింది. పూత పంటి మీద కొద్దిగా రాస్తారు, కడుపులోకి వెళ్లేది చాలా స్వల్పం. అది పిప్పిని ఆపుతుంది. అత్తమ్మకు ఒప్పించి వేయించాను. ఆ తర్వాత పన్ను పోలేదు.

వనపర్తి పెద్దాయన: బాబూ, చెవి కింద వాపు తగ్గకుండా అలాగే ఉండిపోతే, గట్టిపడితే, వెంటనే చూపించండి. ఈ జబ్బులో కొద్దిమందికి లింఫోమా అనే క్యాన్సర్ వస్తుంది. భయపెట్టడానికి కాదు. మా ఇంటావిడకు తొందరగా పట్టుకున్నారు కాబట్టే బతికింది.

నకిరేకల్_21: వాపు తగ్గింది పెద్దయ్యా, అయినా చూపిస్తాను. మాత్రలు వద్దని ఆయనకు చెప్పేశాను. అమ్మను రేపు పొద్దున మొదటి బస్సుకే పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నాను. టీచరమ్మా, ఒక్క మాట. పైలోకార్పిన్ మీరు వాడారా?

పాలమూరు టీచరమ్మ: వాడుతున్నాను తమ్ముడూ. మొదటి రోజు అరగంటకు నాలుక కింద తడి తెలిసింది. నాలుగు గంటల తర్వాత మళ్లీ ఎండింది. కానీ ఆ మధ్యలో సగం రొట్టె నీళ్లు లేకుండా తిన్నాను.