జపాన్ పిలకాయలు అంత చదువు మధ్యలో గేములు ఎట్టా ఆడతారు? మన ఇళ్లల్లో ఆ పద్ధతి కుదురుద్దా?

సింహపురి అమ్మ (నెల్లూరు)

మావాడు తొమ్మిదో తరగతి. స్కూలు, స్టడీ అవర్ అయ్యి ఇంటికొచ్చేసరికి సాయంత్రం 6. మళ్లీ 6:30 నుంచి 8 దాకా లెక్కలు, సైన్స్ ట్యూషన్. అన్నం తిన్నాక ఫోన్ పట్టుకుంటే ఫ్రీ ఫైరే. ఆపమంటే "ఈ ఒక్క మ్యాచ్ అమ్మా" అంటాడు, ఆ ఒక్క మ్యాచ్ అయిపోయేది ఉండదు.

జపాన్‌లో చదువు ఒత్తిడి మనకేం తీసిపోదంటారు, ఇన్ని గేములు తయారయ్యేదీ అక్కడే. రెండూ ఎట్టా నెట్టుకొస్తున్నారు వాళ్లు? రోజుకి గంట మించి ఆడకూడదని అక్కడ చట్టముందని వాట్సాప్‌లో వచ్చింది, నిజమేనా? తెలిసినవాళ్లు టైములతో సహా చెప్పండి. మందలించి చూసుకోమని మాత్రం చెప్పొద్దు, అది ఎటూ జరుగుతానే ఉంది.

ఒంగోలు నిహోంగో

అక్కా, ముందు వాళ్ల రోజు ఎట్టా గడుస్తుందో చూడండి. మిగతాదంతా దాన్నిబట్టే ఉంటుంది.

అక్కడి జూనియర్ హైస్కూలంటే మన 7, 8, 9 తరగతులు. పొద్దున ఎనిమిదిన్నర ప్రాంతంలో మొదలు. 50 నిమిషాల పీరియడ్లు, మామూలుగా రోజుకి ఆరు. తరగతి గది ఊడ్చి తుడిచే పని కూడా పిల్లలదే. మూడున్నర, నాలుగు నుంచి క్లబ్బు, వాళ్ల మాటలో బుకాత్సు. బేస్‌బాల్, టెన్నిస్, బ్యాండు, ఏదో ఒకటి. ఈ క్లబ్బులు పిల్లల్ని పీల్చేస్తున్నాయని 2018లో అక్కడి క్రీడల శాఖ ఒక మార్గదర్శకం ఇచ్చింది. స్కూలున్న రోజు సుమారు 2 గంటలు, సెలవు రోజు 3 గంటలు, వారానికి కనీసం 2 రోజులు విశ్రాంతి అని. ఇంటికి చేరేసరికి ఆరు దాటుతుంది. వారంలో రెండు మూడు రోజులు జుకు, అంటే ట్యూషన్ సెంటర్. అది రాత్రి తొమ్మిదిన్నర, పది దాకా.

ఇక గేముకి మిగిలేదెంత? జుకు ఉన్న రోజు దాదాపు సున్నా. లేని రోజు అన్నానికి ముందో వెనకో అరగంట, గంట. అసలు ఆటంతా శని, ఆదివారాల్లో. వాళ్ల పిల్లలకి నిగ్రహం ఎక్కువనుకుంటారు గానీ, రోజులో ఖాళీ ఎక్కడుందో ముందే తెలిసిపోవడమే అందులో పెద్ద భాగం.

రెండోది పరీక్షల వారం. బడి ఏప్రిల్‌లో మొదలవుతుంది, సాధారణంగా మూడు టర్ములు. మొదటి రెండు టర్ముల్లో మధ్యలో ఒకటి, చివర ఒకటి, మూడో టర్ములో చివర ఒక్కటే. ఏడాదికి అయిదు పెద్ద పరీక్షలన్నమాట. ఒక్కోదానికి వారం ముందు క్లబ్బులు ఆపేస్తారు. అంతకుముందే పిల్లల చేతికి సిలబస్ కాగితం వస్తుంది: ఏ సబ్జెక్టులో ఏ పేజీ నుంచి ఏ పేజీ దాకా, వర్క్‌బుక్ ఎంతవరకు పూర్తిచేసి ఇవ్వాలి అని. చాలా బళ్లలో దాంతోపాటు తేదీల గళ్ల కాగితం కూడా ఇస్తారు. ఒక గడిలో ఈరోజు ఏం చదవాలనుకుంటున్నాడో పిల్లాడే రాస్తాడు, పక్క గడిలో నిజంగా ఎంత చదివాడో రాస్తాడు. ఆ వర్క్‌బుక్ సకాలంలో ఇవ్వడం, క్లాసు గ్రేడ్లు రెండూ తర్వాత హైస్కూల్ సీటు దగ్గర లెక్కలోకొస్తాయి. అందుకే చాలా ఇళ్లల్లో గేమ్ మిషన్ లోపలికి పోయేది ఆ వారమే. పరీక్ష అయిపోయిన సాయంత్రం మళ్లీ బయటికొస్తుంది. రెండు తేదీలూ పిల్లాడికి ముందే తెలుసు కాబట్టి గొడవ తక్కువ.

ఒక్కటి మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవద్దు: నిద్ర. జుకు నుంచి పదింటికొచ్చి, హోంవర్క్ చేసి, ఇంకాస్త ఆడి పన్నెండింటికి పడుకుంటే మర్నాడు క్లాసులో కునికిపాట్లే. అక్కడ అది ఉన్న సమస్యే.

కావలి లైబ్రరీ

చట్టం సంగతి నేను చెప్తాను. జపాన్ మొత్తానికి అట్టాంటి చట్టం లేదు. షికోకు దీవిలో కగావా అనే ప్రిఫెక్చర్ ఉంది, మన జిల్లా, రాష్ట్రాల మధ్య స్థాయి అనుకోండి. వాళ్లు ఒక ఆర్డినెన్స్, అంటే ఆ ప్రిఫెక్చర్ వరకే ఉండే స్థానిక చట్టం చేశారు, 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 18 ఏళ్ల లోపు వాళ్లకి గేము బడి రోజు 60 నిమిషాలు, సెలవు రోజు 90 నిమిషాలు. స్మార్ట్‌ఫోన్ జూనియర్ హైస్కూల్ దాకా రాత్రి 9కి, ఆ పై వాళ్లు 10కి ఆపాలి. ఇవి ఇంట్లో మాట్లాడుకుని నియమం పెట్టుకునేదానికి కొలత మాత్రమే. జరిమానా, శిక్ష ఏమీ లేదు. ఇది రాజ్యాంగానికి విరుద్ధమని ఒక హైస్కూల్ విద్యార్థి కేసు కూడా వేశాడు. విరుద్ధం కాదని తకమత్సు జిల్లా కోర్టు 2022లో తీర్పిచ్చింది.

మీరు చూసిన మెసేజ్‌లో చైనాది కూడా కలిసిపోయి ఉండొచ్చు. 2021లో చైనా పెట్టింది గట్టి నిబంధన: శుక్ర, శని, ఆదివారాలు, పండగ సెలవుల్లో రాత్రి 8 నుంచి 9 దాకా మాత్రమే ఆన్‌లైన్ గేములు. జపాన్‌లో "రోజుకి గంట" అనే మాట మటుకు పాతదే. 1980ల్లో హడ్సన్ గేముల కంపెనీ తరఫున పిల్లల్లో బాగా పేరు తెచ్చుకున్న తకహాషి మెయిజిన్ చెప్పిన మాట అది. గేములు అమ్మే మనిషే చెప్పాడు కాబట్టి తల్లిదండ్రులకి బాగా పట్టింది.

గూడూరు కన్సోల్

మేడం, "ఒక్క మ్యాచ్" అన్నదాని దగ్గరే అసలు ముడి ఉంది. టైము నిమిషాల్లో పెడితే ఎప్పుడూ మ్యాచ్ మధ్యలోనే తెగుతుంది. ర్యాంక్ మ్యాచ్‌లో మధ్యలో లేస్తే పాయింట్లు పోతాయి, జట్టులో మిగతావాళ్లు తిడతారు. పిల్లాడు మొండికేసేది అందుకే. మ్యాచ్‌ల లెక్కన పెట్టండి. నింటెండో వాళ్ల గేము స్ప్లాటూన్‌లో మామూలు మ్యాచ్ 3 నిమిషాలే, జపాన్ పిల్లలు అన్నం వడ్డించేలోపు రెండు ఆడేస్తారు. ఫ్రీ ఫైర్ బ్యాటిల్ రాయల్ 10 నిమిషాల ఆటగా చేసింది, మొదలయ్యేదాకా లాబీలో ఎదురుచూసేదానితో కలిపి 15 వేసుకోండి. అంటే 45 నిమిషాలకి మూడు మ్యాచ్‌లు. బీజీఎమ్ఐ, అంటే మన పబ్జీలో పెద్ద మ్యాపైతే ఒక్కటే అరగంట తింటుంది, బడి రోజుల్లో అది పనికిరాదు.

ఫోన్‌లో చేయాల్సింది: పిల్లాడి ఫోన్‌లోనే ఉండే డిజిటల్ వెల్‌బీయింగ్ యాప్ టైమర్‌ని నమ్మొద్దు, వాడే తీసేసుకోగలడు. మీ ఫోన్‌లో గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ యాప్ వేసి వాడి అకౌంట్‌ని దానికి కలపండి. గేముకి రోజుకి గంట. మూడు మ్యాచ్‌లకి 45 అయితే మిగతా పావుగంట చివరి మ్యాచ్ తెగకుండా ఉండేదానికి. రోజు లెక్క అర్ధరాత్రి మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, 12 దాటాక దుప్పట్లో ఆడేది ఈ సందులోనే. కాబట్టి రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఫోన్ లాక్ అయ్యే డౌన్‌టైమ్ కూడా పెట్టాలి. యూట్యూబ్‌కి వేరే హద్దు పెట్టండి, లేకపోతే ఆట ఆగినా వేరేవాళ్లు ఆడేది చూస్తా కూర్చుంటాడు.

జపాన్‌లో ఎక్కువమంది వాడే నింటెండో స్విచ్‌కి తల్లిదండ్రుల యాప్ విడిగా ఉంది. వారంలో ఒక్కో రోజుకి ఒక్కో టైము పెట్టుకోవచ్చు. టైము అయినప్పుడు అలారం మాత్రమే చూపించాలా, గేమే ఆపేయాలా అన్నది మీ ఇష్టం. పాత స్విచ్‌లో ఆ టైము మిషన్ మొత్తానికి లెక్క, పిల్లాడికి కాదు. ఇద్దరు పిల్లలుంటే పెద్దోడు ఆడేస్తే చిన్నోడికి మిగలదు, గొడవ అక్కడ మొదలవుతుంది.

సింహపురి అమ్మ (నెల్లూరు)

చాలా థాంక్సండీ. ఒక్క డౌటు. పరీక్షల వారం గేము మూసెయ్యమన్నారు, మావాడికి ప్రతి శనివారం వీకెండ్ టెస్టే. మరి ఎప్పుడూ మూసే ఉంచాలా?

ఒంగోలు నిహోంగో

వద్దక్కా, అక్కడే మనకీ వాళ్లకీ తేడా. అయిదుసార్లు మూస్తే అది నియమంలాగా ఉంటుంది, యాభైసార్లు మూస్తే శిక్షైపోతుంది. వాడు ఆ నియమాన్నే వదిలేసి స్నేహితుడి ఫోన్‌లో ఆడుకుంటాడు.

వీకెండ్ టెస్టుకి శుక్రవారం రాత్రి ఒక్కటే ఆపండి. శనివారం టెస్టు రాసొచ్చాక సాయంత్రం గంటన్నర వదలండి. ట్యూషన్ ఉన్న రోజు రాత్రి 8:30కి అన్నం, 9 నుంచి ఒక్క మ్యాచ్, 9:15కి హోంవర్క్, పదిన్నరకి పడక. ఫోన్ హాల్లో ఛార్జింగ్‌కి. ట్యూషన్ లేని రోజు హోంవర్క్ అయ్యాక మూడు మ్యాచ్‌లు. పూర్తిగా మూసేది ఎస్ఏ-1, ఎస్ఏ-2 పరీక్షలకి వారం ముందు నుంచే. ఆ తేదీలు స్కూల్ క్యాలెండర్‌లో ఇప్పుడే చూసి, మూసే రోజు, తెరిచే రోజు రెండూ వాడి చేతే గోడ క్యాలెండర్ మీద రాయించండి. తెరుస్తానన్న రోజు మార్కులు ఎట్టా వచ్చినా తెరవాలి. అది తప్పితే రెండో ఎస్ఏకి వాడు ఫోన్ ఇవ్వడు.

వచ్చే ఏడు పదో తరగతి కాబట్టి ఇంకోటి. జపాన్‌లో ఎంట్రన్స్ రాసే ఏడాది పిల్లలు వేసవిలోనే క్లబ్బు నుంచి తప్పుకుని జుకు వేసవి తరగతులకి పోతారు. హైస్కూల్ ఎంట్రన్సులు ఫిబ్రవరి, మార్చిలో. గేము తగ్గించేదీ ఆ వేసవి నుంచే, మెల్లగా. మనకి మార్చిలో పబ్లిక్ కాబట్టి దసరా సెలవుల తర్వాత బడి రోజు ఒక్క మ్యాచ్, సంక్రాంతి తర్వాత ఆదివారం మాత్రమే అని ఇప్పుడే మాట్లాడుకోండి. గేములో ర్యాంకుల లెక్క ముగిసే రోజు, అంటే ర్యాంక్ సీజన్ అయిపోయిన రోజు చూసి తగ్గిస్తే వాడికీ బాధ తక్కువ.

గూడూరు కన్సోల్

సీజన్ ముగిసే తేదీ గేము లోపల ర్యాంక్ పేజీలోనే కనిపిస్తుంది మేడం. వాణ్నే చూసి చెప్పమనండి.