సజ్జనుండు బల్కు... చల్లగానా, మెల్లగానా?

(విశాఖ వైపు నలుగురి కబుర్లు, ఎవరి ఊరు పేరుతో వాళ్ల మాట)

గాజువాక: రాత్రి నుంచి ఒకటే మాట బుర్ర తొలిచేస్తోంది. వేమన పద్యంలో "అల్పుడెపుడు బల్కు నాడంబరముగాను, సజ్జనుండు బల్కు" తర్వాత చల్లగానా మెల్లగానా? పాట మిక్సింగ్‌కి ముందు స్పీకర్ల లెవెల్ సెట్ చేస్తున్నా, పింక్ నాయిస్, అంటే బొంగురు నుంచి కీచు దాకా అన్నీ కలిసిన హోరు, మైనస్ 20లో పెట్టి, కూర్చుంటే చెవి ఉండే చోట మీటరు పట్టుకుని, ఒక్కో స్పీకరూ 76 డెసిబెల్స్‌కి తెచ్చి నాబ్ మీద టేపు అంటించేశా, అప్పుడు గుర్తొచ్చింది. నాకైతే మెల్లగానే అని గుర్తు, సౌండు గురించే కదా పద్యం.

ఎంవీపీ కాలనీ: చల్లగానే బాబూ. పాదం మొదటి అక్షరానికి మధ్యలో జత కుదరాలి, అదే యతి. సకారానికి చకారం సరిపోతుంది, మె ఎలా కుదురుతుంది? రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి అందామన్నా జ్జకి ల్ల పడదు.

భీమిలి: యతి సరే మాస్టారూ, మరి ఆ బల్కు ఏటి? సజ్జనుండు ప్రథమ, దాని మీద సరళాదేశం, అంటే ప బగా మారడం, ఎక్కడిది, వల్కు అవ్వాలి గదా. నేను పల్కు అని కూడా చూశా.

ఎంవీపీ కాలనీ: నోటి మీద బతికిన పద్యాలండీ అవి, బ్రౌన్ 1829లో అచ్చు వేయించే నాటికే ఎన్ని పాఠాలో. అసలు చూడాల్సింది ఆడంబరం. అమరం అనే సంస్కృత నిఘంటువులో "ఆడంబరస్తూర్యరవే గజేంద్రాణాం చ గర్జితే" అని ఉంది, అంటే వాద్యాల మోత, ఏనుగుల ఘీంకారం! డాబు అనే అర్థమే పట్టుకుంటే పద్యంలో సగం పోతుంది.

గాజువాక: అబ్బ, ఇది తెలీదు మాస్టారూ! అయితే నా మాట వినండి, "కంచు మ్రోగునట్లు కనకంబు మ్రోగునా" అనే మూడో పాదం వాల్యూమ్ గురించి కాదు. కంచు గట్టిది, కొడితే మోత చాలాసేపు నిలబడుతుంది, బంగారం మెత్తన, టక్కున ఆగిపోతుంది. మ్రోగడమంటే ఆ నిలబడ్డమే.

సీతమ్మధార: మరి కంచుకంఠం అని మెచ్చుకుంటాం కదా? ఇంకోటి, మైనస్ 20, 76, రెండూ డెసిబెల్సేనా?

గాజువాక: రెండూ అవే, కొలత మొదలయ్యే చోటే వేరు. కంప్యూటర్లో 0 అంటే పైకప్పు, దాటితే శబ్దం చిరిగిపోతుంది. గాలిలో 0 అంటే 20 మైక్రోపాస్కల్స్, చెవికి ఆనీ ఆననంత. పెద్ద సినిమా హాలుకి 85 పెడతారు, ఇంటి గదికి అది ఎక్కువ. లెవెల్ ఒకచోట కట్టెయ్యకపోతే చెవి మోసం చేస్తుంది, గట్టిగా పెడితే బేస్ నిండుగా ఉన్నట్టుంటుంది, తగ్గిస్తే అదే పాట పలచబడిపోతుంది. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రవేత్తలు 1933లోనే చూపించారు.

భీమిలి: మన విశాఖలో పుట్టిన శ్రీశ్రీ కవిత్రయం అంటే తిక్కన, వేమన, గురజాడ అన్నాడు. గురజాడ ముత్యాలసరం ఛందస్సులో రాసింది పైకి చదివి చూడండి, గొంతు పెంచక్కర్లేదు.

సీతమ్మధార: శ్రీశ్రీని మాత్రం గొంతెత్తే చదవాలి, నేనొప్పుకోను!

గాజువాక: సరే, చల్లగాకి ఒప్పుకున్నా. కానీ చల్లగా అంటే చిన్న గొంతా, హాయిగా వినిపించే గొంతా? 76లో వింటే రెండూ ఉన్నాయి మాస్టారూ.

ఎంవీపీ కాలనీ: హాయే, సందేహం లేదు. భీమిలి వారూ, వల్కు అని ఏ ప్రతిలో ఉందో ముందు అది చెప్పండి.