"ఈ మందు పవర్ ఎక్కువ": ఇందులో పవర్ అంటే ఏది?

ఫార్మకాలజీ పాఠాలు తెలుగులో రాస్తున్న ఒక చెల్లెలు ఇక్కడ అడిగింది: "అఫినిటీ, పొటెన్సీ, ఎఫికసీ మూడింటికీ 'శక్తి' అనేస్తే సరిపోతుందా?"

సరిపోదమ్మా. మూడూ కలిపేస్తే విద్యార్థి గ్రాఫు చదవడంలోనే తప్పుతాడు.

మెడికల్ షాపులో "పవర్ ఎక్కువున్నది ఇవ్వండి" అంటాం. అక్కడ పవర్ అంటే అట్ట మీది అంకె. పారాసెటమాల్ అట్ట మీద 650 మిల్లీగ్రాములని ఉంటుంది, థైరాక్సిన్ సీసా మీద 100 మైక్రోగ్రాములే. ఆ అంకెను బట్టి ఏ మందు గట్టిదో ఎలా చెప్తాం? ఎంత తక్కువ మోతాదుతో పని జరిగితే అంత ఘాటు. పొటెన్సీకి నేను ఆ మాటే వాడతాను. మందు రిసెప్టార్‌ను, అంటే కణంలో తాను అతుక్కునే చోటును, ఎంత గట్టిగా పట్టుకుంటుందో అది పట్టు, అంటే అఫినిటీ. పట్టుకున్నాక కణం చేత పని చేయించగలిగే సత్తా చేవ, అంటే ఎఫికసీ. 1956లో ఫార్మకాలజిస్టు స్టీఫెన్సన్ ఎఫికసీ అనే మాట తెచ్చింది పట్టునూ చేవనూ విడదీయడానికే.

గ్రాఫు దగ్గర జరిగే పొరపాటు ఇది. గినీ పిగ్ చిన్నపేగు ముక్కను టైరోడ్ ద్రావణంలో (కణజాలాన్ని బతికించి ఉంచే ఉప్పునీరు) వేలాడదీసి, నరాలు విడుదల చేసే రసాయనమైన ఎసిటైల్‌కోలిన్ మోతాదు పెంచుతూ పోతే పేగు ముడుచుకోవడం (దీన్నే ముడుపు అంటాను) పెరుగుతుంది. లాగ్ స్కేలు మీద గీస్తే ఎస్ ఆకారం వస్తుంది. గరిష్ఠ స్పందనలో సగం వచ్చిన గాఢత ఈసీ50. చాలామంది దాన్నే పట్టుకు కొలత అనుకుంటారు. అది ఘాటు మాత్రమే. పట్టూ, చేవా, ఆ కణజాలంలో ఎన్ని రిసెప్టార్లున్నాయన్న సంగతీ అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి.

పట్టుకు అసలు కొలత కేఏ: రిసెప్టార్లలో సగం నిండే గాఢత. అంకె ఎంత చిన్నదైతే పట్టు అంత గట్టిది. స్పందన పూర్తిగా రావడానికి కొద్దిపాటి రిసెప్టార్లు నిండితే చాలు, మిగతావి అదనం అనే కణజాలాలు ఎన్నో. బ్లాక్, లెఫ్ 1983లో ఇచ్చిన నమూనాలో, సాధారణ వక్రానికి, ఈసీ50 అంటే కేఏని (1 + టౌ)తో భాగిస్తే వచ్చేది. చేవా, రిసెప్టార్ల సంఖ్యా కలిసిన అంకె టౌ. టౌ 99 అనుకోండి: గ్రాఫులో ఈసీ50 10 నానోమోలార్ (గాఢత కొలిచే ప్రమాణం) కనిపిస్తే అసలు కేఏ 1000 నానోమోలార్. నూరు రెట్లు తేడా!

– మరి గ్రాఫు నుంచి పట్టును బయటికి లాగడం అసాధ్యమా మాస్టారూ?

ఒక్క గ్రాఫుతో అయితే కష్టమేనండి. రెండు కావాలి. 1966లో ఫర్చ్‌గాట్ చెప్పిన పద్ధతి నాకు చాలా ఇష్టం. ముందు ఒక వక్రం గీయాలి. తర్వాత ఫినాక్సీబెంజమిన్ లాంటి, వదలకుండా అతుక్కునే మందుతో కొన్ని రిసెప్టార్లను శాశ్వతంగా మూసేసి, కడిగి, మళ్ళీ గీయాలి. ఇప్పుడు అదే ముడుపుకు ఎక్కువ మోతాదు కావాలి. ముందు 17 నానోమోలార్‌తో వచ్చింది ఇప్పుడు 200తో వచ్చిందనుకోండి. ఇలాంటి జతలు కొన్ని తీసి, మూసేశాక కావాల్సిన గాఢత విలోమాన్ని అడ్డంగా, ముందటి గాఢత విలోమాన్ని నిలువుగా గీస్తే సరళరేఖ వస్తుంది. వాలు నుంచి 1 తీసేసి అంతరఖండంతో భాగిస్తే కేఏ. ఒకే స్పందనను రెండు స్థితుల్లో పోలుస్తాం కాబట్టి, రిసెప్టార్ నుంచి ముడుపు దాకా మధ్యలో ఏం జరిగిందో తెలియక్కర్లేదు. అదే దీని అందం.

– మార్ఫిన్ లాంటి మందుల పనిని అడ్డుకునే నలోక్సోన్‌కు చేవ లేదు కదా, దానికసలు వక్రమే రాదు. పట్టు ఎలా?

మంచి ప్రశ్న. దాని పట్టును ఇంకో మందు వక్రం ఎంత కుడికి జరిగిందో చూసి కొలుస్తారు. ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే అట్రోపిన్‌తో చెప్తాను. అదే ముడుపు రావడానికి ఎసిటైల్‌కోలిన్ రెండింతలు కావాల్సి వచ్చిందంటే, అక్కడున్న అట్రోపిన్ గాఢతే దాని కేబీ, అంటే అడ్డుకునే మందు పట్టుకు కొలత. ఇది సుమారు 1 నానోమోలార్. అరుణ్‌లక్షణ, షిల్డ్ 1959లో దీన్ని సరళరేఖగా మార్చారు. వాలు 1 దగ్గర ఉంటేనే, ఒకే చోటు కోసం పోటీ అన్న లెక్క నిలుస్తుంది.

అందుకే చెల్లీ, నలోక్సోన్ గురించి "శక్తి లేని మందు" అని రాయకు. "పట్టుంది, చేవ లేదు" అని రాయి. మార్ఫిన్ రిసెప్టార్లనే పట్టుకునే బ్యుప్రినార్ఫిన్ దగ్గర "పట్టు చాలా గట్టిది, చేవ పాక్షికం" అను. ఈసీ50 పక్కన ఎప్పుడూ ఘాటు అనే ఉంచు.