చదరపు గేట్ మార్చాలా, ఇంకొన్నాళ్లు ఓపిక పట్టాలా?

కొత్తచెయ్యి:
అందరికీ నమస్తే. ఏడేళ్లు ప్యాడ్ (రెండు చేతుల్లో పట్టుకునే చిన్న కంట్రోలర్) మీద ఆడాను, ఆరు వారాల క్రితం స్టిక్ (లీవర్, బటన్లు ఉన్న బాక్స్) కొన్నాను. లోపల సన్వా జేఎల్ఎఫ్ లీవర్, ఓబీఎస్ఎఫ్-30 బటన్లు, చదరపు గేట్ (లీవర్ కాడ ఎంతదాకా వెళ్లాలో ఆపే చట్రం). ఆడేది స్ట్రీట్ ఫైటర్ 6 అనే ఫైటింగ్ గేమ్, క్యారెక్టర్ కెన్. ఎడమ వైపు ఉన్నంతసేపు పర్వాలేదు. కుడి వైపుకి వెళ్లానంటే పది షోర్యుకెన్‌లకి (పైకి లేస్తూ గుద్దే దెబ్బ) నాలుగే వస్తున్నాయి. పైగా ముందుకి నడుస్తూ హడోకెన్ (కింద, కింద-ముందు, ముందు అని తిప్పి విసిరే బంతి దెబ్బ) వేద్దామంటే షోర్యుకెన్ వచ్చి గాల్లోకి లేస్తున్నాడు, కిందికి దిగేలోపు అవతలివాళ్లు కాంబో (వరస దెబ్బలు) మొత్తం పెట్టేస్తున్నారు. ర్యాంక్ పాయింట్లు రోజూ పోతున్నాయి. గేట్ మార్చి ఎనిమిది మూలలది పెట్టుకోమని ఒక ఫ్రెండ్ అంటాడు, చదరంతోనే అలవాటు చేసుకోమని ఇంకో ఫ్రెండ్ అంటాడు. ఏం చెయ్యమంటారు?

పాతలీవర్:
మార్చొద్దు తమ్ముడూ. గేట్ లీవర్‌ని ఎక్కడ ఆపాలో చూసుకుంటుంది, అంతే. ఇన్‌పుట్ ఇచ్చేది దాని పైన ఉండే నాలుగు మైక్రోస్విచ్‌లు. గదిలో చప్పుడు లేనప్పుడు లీవర్‌ని మెల్లగా కుడికి తోసి విను. ముందు టిక్ అని వినిపిస్తుంది, ఆ తర్వాత కూడా లీవర్ ఇంకొంచెం వెళ్తుంది, అప్పుడు గేట్ గోడ తగులుతుంది. టిక్ అన్నప్పుడే నీ పని అయిపోయింది. నువ్వు ప్రతిసారీ గోడదాకా వెళ్లి అక్కణ్ణుంచి వెనక్కి వస్తున్నావు కాబట్టి తర్వాతి దిక్కు ఆలస్యమవుతోంది. గోడ ఆకారం మార్చినా ఆ అలవాటు పోదు.

రెండోరౌండ్:
మార్చండి. చదరంలో మూలకి వెళ్లే దూరం పక్కకి వెళ్లే దూరం కన్నా ఎక్కువ. చదరానికి భుజం కన్నా కర్ణం పొడుగని చిన్నప్పుడే చదువుకున్నాం కదా. ఎనిమిది మూలల గేట్‌లో ఎటు తోసినా దూరం ఒకటే, ప్రతి దిక్కుకీ చిన్న గాడి ఉంటుంది, అందులో పడగానే చేతికి తెలుస్తుంది. ప్యాడ్ నుంచి వచ్చిన మనిషికి ఆ తెలియడమే ముఖ్యం. జేఎల్ఎఫ్‌కి సరిపోయే గేట్ పేరు జీటీ-వై. కింది మూత తెరిచి క్లిప్పులు నొక్కితే పాతది ఊడి వస్తుంది, కొత్తది నొక్కితే కూర్చుంటుంది. నచ్చకపోతే మళ్లీ పాతదే పెట్టుకోవచ్చు.

గైల్‌మనిషి:
చార్జ్ క్యారెక్టర్‌కి (ఒక దిక్కుని కాసేపు పట్టి ఉంచాక దెబ్బ వేసేవాళ్లకి) చదరాన్ని మించింది లేదు, కింద-వెనక మూలలో పెట్టి వదిలేయొచ్చు. కెన్ సంగతి నాకు తెలియదు.

మిషిమా_వీధి:
కొరియన్ లీవర్ కూడా చూడండి. స్ప్రింగ్ బదులు రబ్బరు ఉంటుంది, గేట్ గుండ్రం. వదలగానే టక్కున మధ్యలోకి వచ్చేస్తుంది. టెక్కెన్ అనే ఇంకో ఫైటింగ్ గేమ్‌లో నాకు కొరియన్ బ్యాక్‌డాష్ (వేగంగా వెనక్కి జరగడం) దాని మీదే పట్టుబడింది.

పాతలీవర్:
అడిగింది టెక్కెన్ గురించి కాదు. @రెండోరౌండ్, గాడిలో పడితే చేతికి తెలుస్తుందంటున్నారు, మంచిదే. కానీ గాడిలో పడాలంటే గోడదాకా వెళ్లాలి కదా. నేను మానమంటున్న పనినే మీరు నేర్పుతున్నారు.

రెండోరౌండ్:
గోడ తగలకుండా ఆడేవాళ్లు ఎంతమంది? జాంగీఫ్ అనే క్యారెక్టర్‌తో 360 (లీవర్‌ని ఒక పూర్తి చుట్టు) తిప్పేవాళ్లందరూ గోడ పట్టుకునే తిప్పుతారు. గోడ మనిషికి ఆసరా. తప్పుగా ఎందుకు చూడాలి?

పాతలీవర్:
360 వేరు, షోర్యుకెన్ వేరు. 360లో చెయ్యి ఒకే వైపు తిరుగుతుంది, ఆగే పని లేదు. షోర్యుకెన్‌కి ముందుకి, కిందికి, కింద-ముందుకి. మధ్యలో దిశ విరుగుతుంది. గోడకి ఆనుకుని చేస్తే ముందుకీ కిందికీ మధ్యలో ఉన్న మూలని తాకుతూ వెళ్తావు, కిందికి చేరేసరికి టైం అయిపోతుంది.

రెండోరౌండ్:
సరే, సామాను ముఖ్యం కాదంటారా? నా మొదటి స్టిక్ వాడినది కొన్నాను. లీవర్ కొత్తదని అమ్మినాయన చెప్పాడు. మూడు నెలలు కింద-ఎడమ సరిగ్గా పడక నా చెయ్యే బాగోలేదని ఏడ్చాను. విప్పి చూస్తే ఒక స్విచ్ కాలు వంగిపోయి ఉంది. మూడు నెలలు!

పాతలీవర్:
అది స్విచ్ తప్పు. మనం మాట్లాడుతున్నది గేట్ గురించి.

బటన్‌పిల్ల:
మోడర్న్ కంట్రోల్స్ (గేమ్‌లోనే ఉండే సులువు సెట్టింగ్) పెట్టుకోవచ్చుగా, ముందుకి నొక్కి స్పెషల్ బటన్ నొక్కితే షోర్యుకెన్ వచ్చేస్తుంది.

కొత్తచెయ్యి:
తెలుసండీ. నాకు మోషన్ (దిక్కులు వరసగా తిప్పడం) చేతితో చెయ్యడమే ఇష్టం, స్టిక్ కొన్నదే అందుకు.

పన్నెండు_బటన్లు:
లీవరే లేని కంట్రోలర్‌కి వచ్చేయండి. నేను ఐదేళ్లు స్టిక్ మీద ఆడి మారాను. దిక్కుకో బటన్, గేట్ గొడవే లేదు. ఎడమ, కుడి కలిపి నొక్కితే న్యూట్రల్ (ఏ దిక్కూ నొక్కనట్టు) వచ్చేలా సెట్టింగ్ ఉందో లేదో మాత్రం చూసుకోండి, టోర్నమెంట్‌లలో దాన్ని చెక్ చేస్తారు. రెండు నెలల్లో సెట్ అయిపోతారు.

పాతలీవర్:
ఇదే నాకు బాధ. ఎవరైనా కష్టంగా ఉందని వస్తే చాలు, అందరూ చెప్పేది మార్చు అనే మాటే. ముందు గేట్ మార్చు, తర్వాత స్ప్రింగ్ మార్చు, తర్వాత లీవర్ మార్చు, ఆఖరికి లీవరే తీసెయ్యి. ప్రతి మార్పుకీ చెయ్యి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. స్ట్రీట్ ఫైటర్ 2 వచ్చిన 1991 నుంచి జనం మెషీన్ మీద ఏ లీవర్ ఉంటే దాని మీదే నేర్చుకున్నారు. 2014లో ఈవో అనే పెద్ద టోర్నమెంట్‌లో అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4 గెలిచిన లఫీ ఏం పట్టుకున్నాడు? మొదటి ప్లేస్టేషన్ ప్యాడ్. చుట్టూ అంతమంది స్టిక్‌లతో ఉన్నారు, ఆ పాత ప్యాడ్‌తోనే కప్పు కొట్టాడు. చెయ్యి కుదిరితే సామాను ఏదైనా ఒకటే.

రెండోరౌండ్:
లఫీ పేరు మీరే ఎత్తారు కాబట్టి చెప్తున్నాను, ఆయన నా వైపు సాక్షి. తన చేతికి ఏది హాయిగా ఉందో దానితో ఆడాడు. స్టిక్ మీద కష్టపడు, ఒకరోజు వస్తుంది అని ఆయనకి ఎవరైనా చెప్పి ఉంటే, ఆయన విని ఉంటే, ఆ కప్పు వచ్చేదా?

పాతలీవర్:
ఆయన మార్చలేదు అన్నది నా మాట.

రెండోరౌండ్:
ఆయన బాధపడుతూ ఉండిపోలేదు అన్నది నా మాట.

పాతలీవర్:
ఆరు వారాలకే బాధ అంటే ఎలా? నాకు ఏడాది పట్టింది. ఓడిపోవడానికి సిద్ధంగా లేనివాళ్లు స్టిక్ పట్టుకోవడం దేనికి?

రెండోరౌండ్:
ఇది చెప్పకూడదనుకున్నాను, ఇంక ఆపుకోలేను. మూడేళ్ల క్రితం ఇదే చోట, వేరే పేరుతో, ఇదే ప్రశ్న నేను అడిగాను. మీరు ఇచ్చిన జవాబు "ఇంకా ప్రాక్టీస్ చెయ్యి". అంతే, ఆ ఒక్క ముక్క. మీ పోస్టులంటే నాకు గురి కాబట్టి చేశాను. ఎనిమిది నెలలు, రోజూ రాత్రి రెండు గంటలు, చదరపు గేట్ మీద, కుడి వైపు నిలబెట్టుకుని వంద షోర్యుకెన్‌లు. ఐదో నెలకి బొటనవేలి కింద నొప్పి మొదలైంది. ఎనిమిదో నెలకి పొద్దున్నే ఎడమ చేత్తో నీళ్ల గ్లాసు ఎత్తలేకపోయాను. డాక్టరు ఆపమంటే ఆపాను. ఏడాది ఆటే లేదు. తిరిగి వచ్చేసరికి నేను రోజూ ఆడే ఐదుగురిలో ఒక్కరూ మిగల్లేదు, వేరే గేమ్‌లకి వెళ్లిపోయారు. ఎనిమిది మూలల గేట్ పెట్టుకున్నాక గోడని అంత గట్టిగా గుద్దే అవసరం పోయింది, ఇప్పుడు నొప్పి లేదు. మీకు ఇది గేట్ గురించి వాదన. నాకు కాదు.

గైల్‌మనిషి:
అయ్యో.

పాతలీవర్:
నొప్పి ఉందని అప్పుడు రాయలేదు కదా నువ్వు. రాసి ఉంటే ఆ నిమిషమే ఆపమనేవాణ్ణి.

రెండోరౌండ్:
మీరు అడగలేదు. అప్పటికే నేను మూడు పోస్టుల్లో మోషన్ రావట్లేదని రాశాను, ఇంక నొప్పి కూడా అంటే వీడికి చేతకాక సాకులు చెప్తున్నాడు అంటారని భయం. ఓడిపోవడానికి సిద్ధంగా లేనివాళ్లు అని ఇప్పుడు మీరన్న మాట చూశారా, సరిగ్గా ఆ మాటకే భయపడ్డాను.

పాతలీవర్:
నాకు నేర్పినవాళ్లు కూడా నాకు చెప్పింది ఆ మాటే. మెషీన్ దగ్గర ఓడినవాడు పక్కకి తప్పుకుని వరుసలో చివర నిలబడాలి, చెయ్యి నొప్పి పుట్టినా నిలబడేవాళ్లం. ఇంకో రకంగా నేర్పొచ్చని నాకెప్పుడూ తట్టలేదు. కానీ గేట్ విషయంలో నా మాట మార్చుకోను. నీ నొప్పి గోడని గుద్దడం వల్ల వచ్చింది, గోడ నాలుగు మూలలదైనా ఎనిమిది మూలలదైనా గుద్దితే గుద్దినట్టే.

రెండోరౌండ్:
గుద్దొద్దని ఆరోజు చెప్పారా? టిక్ అన్న తర్వాత గోడ అని ఈ కుర్రాడికి మొదటి పోస్టులోనే విడమరిచారు. నాకు ఐదు లైన్లు రాయడానికి మీకు ఓపిక లేకపోయింది.

పాతలీవర్:
లేదు. చెప్పలేదు. ఆ రోజు అంత రాయలేదు, అది నా తప్పే.

కొత్తచెయ్యి:
మీ ఇద్దరి మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోకండి. నిన్న రాత్రి ట్రైనింగ్ మోడ్‌లో ఇన్‌పుట్ డిస్‌ప్లే ఆన్ చేసి కూర్చున్నాను. కుడి వైపు నుంచి షోర్యుకెన్ అంటే ఎడమ, కింద, కింద-ఎడమ పడాలి. నాకు స్క్రీన్ మీద పడుతున్నది ఎడమ, కింద-ఎడమ, కింద, వెంటనే పంచ్. చివరి మూల రావడం లేదు, బటన్ ముందే నొక్కేస్తున్నాను. ఎడమ బాణం పక్కన 11 అని ఉంది, అంటే పదకొండు ఫ్రేములు అక్కడే కూర్చున్నాను, సెకనుకి 60 ఫ్రేముల్లో. ఎడమ వైపు ఉన్నప్పుడు అదే ముందు బాణం పక్కన 4, 5 ఉంటోంది. నడిచే హడోకెన్ చూస్తే ముందు 14, కింద 3, కింద-ముందు 2, ముందు. మధ్యలో న్యూట్రల్ అనేదే లేదు. ముందు, కింద, కింద-ముందు అంటే షోర్యుకెనే కాబట్టి గేమ్ దాన్నే తీసుకుంటోంది. నడక ఆపి లీవర్‌ని ఒకసారి వదిలి అప్పుడు వేస్తే హడోకెన్ వస్తోంది, ఇరవైకి పదిహేడు.

పాతలీవర్:
చూశావా, 11 అంటే గోడ దగ్గర ఆగిపోవడమే. గేట్ కాదు.

రెండోరౌండ్:
చివరి మూల పడట్లేదంటున్నాడు, అది చూడరేం? చదరంలో ఆ మూల దూరం ఎక్కువని నేను మొదటే చెప్పాను.

పన్నెండు_బటన్లు:
లీవర్ పైన ఉండే బంతిని ఎలా పట్టుకుంటున్నారు? గుప్పిట్లో బిగించి పట్టుకుంటే కుడి వైపు ఉన్నప్పుడు మణికట్టు అంతా తిరగాలి. కాడ ఉంగరం వేలికీ చిటికెన వేలికీ మధ్యలో ఉండేలా, అరచెయ్యి పైకి చూసేలా కింద నుంచి పట్టుకుని చూడండి. కొందరికి నచ్చదు, ఒక వారం చూస్తే తెలిసిపోతుంది.

కొత్తచెయ్యి:
గుప్పిట్లోనేనండీ, పై నుంచి. ఓడిపోతుంటే ఇంకా బిగుసుకుపోతోంది. బాక్స్ ఒళ్లో జారుతుంటే దాన్ని ఆపడానికి కూడా లీవర్ చెయ్యే వాడుతున్నానని నిన్ననే గమనించాను.

పాతలీవర్:
ఒక మాట అడుగుతాను, నిజం చెప్పు. నొప్పి ఏమైనా ఉందా?

కొత్తచెయ్యి:
అరగంట దాటితే మణికట్టు పైన లాగినట్టు ఉంటోంది. రెండు వారాల నుంచి. మొదటి పోస్టులో రాయలేదు.

పాతలీవర్:
అయితే ఈరోజు ఆడకు, రేపు కూడా వద్దు. తగ్గకపోతే డాక్టరుకి చూపించు. తగ్గాక పది నిమిషాలు, అదీ ర్యాంక్ మ్యాచ్‌లు వద్దు. ఇప్పుడు ఆడకుండా ఊరికే లీవర్ మీద చెయ్యి పెట్టి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టు.

రెండోరౌండ్:
మోచెయ్యి దాకా కనపడేలా తీయండి. ఒళ్లో ఒకటి, టేబుల్ మీద పెట్టి ఒకటి. టేబుల్ ఎత్తు ఎక్కువైతే మణికట్టు వంగుతుంది, నాకు అదే జరిగింది. గేట్ సంగతి ఆ తర్వాత మాట్లాడదాం, నేను మాత్రం మార్చమనే అంటాను.